షేరూ, మోతీ, నా కుడిచెయ్యి

మొన్న ఆదివారం మా కాలనీ సంఘం వాళ్లు నన్ను కుర్చీలోంచి లేపి నలుగురి ముందూ నిలబెట్టి, కుక్కల వ్యవహారం చూడడానికి వేసిన కమిటీకి నన్నే పెద్దగా పెట్టామని చెప్పి చప్పట్లు కొట్టారు. బహదూర్‌పల్లిలో మేము ఇల్లు కట్టుకున్న కొత్తలో ఈ కాలనీలో మనుషుల కంటే హద్దురాళ్లే ఎక్కువ. ఇప్పుడు ఇళ్లు పెరిగాయి, వాటితో పాటు వీధికుక్కలూ పెరిగాయి, వాటికి అన్నం పెట్టేవాళ్లకూ పెట్టొద్దనేవాళ్లకూ మధ్య పంచాయితీలూ పెరిగాయి. మా పక్కింటాయనకు నా పాత సంగతులు కొంచెం కొంచెం తెలుసు. ఆయన లేచి, "సారు అంగూరు తోటల కుక్కలను సాదిన మనిషి, ఈయన కన్న తెలిసినోళ్లు ఇంకెవరున్నరు?" అంటూ నన్ను ఆకాశానికెత్తేశాడు. నేను ఏవో రెండు ముక్కలు గొణిగి, మోకాళ్ల నొప్పులు వంక పెట్టి, ఆ పెద్దరికం నాకు వద్దని చెప్పి ఇంటికి వచ్చేశాను. నా భార్య తలుపు తీసి నా ముఖం చూసింది కానీ ఏమైందని అడగలేదు. కుక్కల మాట వచ్చిన రోజున నేను అన్నం సరిగా తిననని ఆమెకు తెలుసు.

ఇన్నేళ్లుగా దాచుకున్న సంగతి అది. పిల్లలకు చెప్పలేదు, స్నేహితులకు చెప్పలేదు. ఇది చదివే మీరు నా ఈడు వాళ్లు, తోటలంటే ఏమిటో, ఒక మూగజీవిని నమ్ముకుని బతకడమంటే ఏమిటో తెలిసినవాళ్లు గనుక మీకు చెప్పుకుంటున్నాను. తిట్టుకుంటే తిట్టుకోండి, దానికి సిద్ధపడే రాస్తున్నాను.

మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు పోయే దారి పొడవునా ఒకప్పుడు ద్రాక్ష తోటలుండేవంటే ఇప్పటి వాళ్లు నవ్వుతారు. పుస్తకాల్లో ద్రాక్ష అని రాస్తాం గానీ మా నోట ఎప్పుడూ అంగూరే. రాతి కడీలు వరుసగా పాతి, వాటి మీద ఇనుప తీగలు గట్టిగా లాగి, పందిరి మీదికి తీగ పాకిస్తే, మిట్టమధ్యాహ్నం వేళ కూడా ఆ పందిరి కింద సన్నటి పచ్చటి నీడ పరుచుకునేది. మైలుతుత్తమూ సున్నమూ కలిపి కొట్టిన మందు వాసన ఒంటికి పట్టి, స్నానం చేసినా పోయేది కాదు. మా అవ్వ, అంటే అమ్మ, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెడుతూ, "నీ దగ్గర మందు డబ్బా వాసనొస్తాంది, జర దూరం జరుగురా" అని ముక్కు మూసుకునేది, మళ్లీ తనే దగ్గరికి లాక్కునేది. చలి తగ్గి ఎండ ముదురుతున్న రోజుల్లో గుత్తులు తేనెరంగు తిరిగేవి. ఆ రంగు వచ్చిన దగ్గర నుంచి కోత అయ్యేదాకా మా ఇంట్లో ఎవరికీ కడుపునిండా తిండి, కంటినిండా నిద్ర ఉండేవి కావు.

ఎందుకంటే ఏడాది కష్టమంతా ఆ నెలన్నరలో తేలాలి. పగలు చిలుకలూ గోరింకలూ, పొద్దుగూకితే నక్కలూ అడవిపందులూ. పక్షులను తరమడానికి డబ్బాలు వాయించే ఆడవాళ్లుండేవాళ్లు. జంతువుల సంగతి మాత్రం కుక్కలు చూసుకునేవి. వీటన్నిటికంటే గడుసువాళ్లు దొంగలు. వాళ్లు గోడ దూకేముందు విషం కలిపిన మాంసం ముక్క విసిరేవాళ్లు. కుక్క దాన్ని తింటే తెల్లారేసరికి కుక్కా ఉండదు, గుత్తులూ ఉండవు. మా చుట్టుపక్కల రెండు మూడు తోటల్లో అలా జరిగాక, మా వైపు తోటలవాళ్లు ఒక పద్ధతి పెట్టుకున్నారు. తోట కుక్క ఒక్క చేతి తిండే తినాలి. ఆ చెయ్యి తప్ప ఇంకెవరు పెట్టినా, పంచభక్ష్య పరమాన్నాలు పెట్టినా, ముట్టకూడదు.

అలా నేర్పడం అంత మంచిగా ఉండదు, చెబుతాను. కుక్కపిల్లకు మూడు నాలుగు నెలలు వచ్చాక, పరాయివాళ్లను పిలిచి వాళ్ల చేత బెల్లం ముక్కలోనో రొట్టె ముక్కలోనో కారం దట్టించి పెట్టించాలి. పిల్ల ఆశగా నోట్లో వేసుకుని, కుయ్యోమని, నేలకు మూతి రాసుకుంటూ తిరుగుతుంది. అప్పుడు అసలు మనిషి వచ్చి, చల్ల పోసి మెదిపిన జొన్న గటక తన చేత్తో పెట్టాలి. పది సార్లు, పదిహేను సార్లు ఇలా అయ్యేసరికి, లోకంలో ఉన్న చేతులన్నీ కారమని, ఒక్క చెయ్యి మాత్రమే చల్లనిదని దానికి అర్థమైపోతుంది. ఇక చచ్చేదాకా ఆ నమ్మకం మారదు.

ఆ చెయ్యి మొదట మా బాపుది, అంటే మా నాయనది. తోట పెట్టిన నాటి నుంచీ కుక్కలు ఆయన చేతి తిండే తినేవి. తర్వాత ఆయనకు నడుము నొప్పి పట్టుకుని, రోజూ తోటకు పోయే ఓపిక తగ్గినప్పుడు, అన్నను కాదని నన్ను పిలిచాడు. అన్నకు అప్పటికే మేడ్చల్‌లో నలుగురితో తిరగడం, ఎలక్షన్లలో జెండాలు మోయడం అలవాటైంది. నాకు చదువు ఇంటర్ దగ్గర ఆగిపోయింది, పందిరి కింద తప్ప ఇంకెక్కడా మనసు నిలిచేది కాదు. బాపు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "సూడు బిడ్డా, చెయ్యి ఇచ్చినంక ఇగ నీకు ఊర్లు లేవు, పెండ్లిల్లు లేవు. పొద్దుగాల ఒకపాలి, పొద్దుమూకి ఒకపాలి, నువ్వు ఏడున్నా రావాలె. అయితదా?" అని అడిగాడు. అయితదన్నాను. ఇరవై ఏళ్ల వయసులో కానిదేముంటుంది?

చెయ్యి మార్చడానికి ఒక పక్షం రోజులు పడుతుంది. మొదటి అయిదు రోజులు పాత చెయ్యి, కొత్త చెయ్యి ఒకే గిన్నెలో కలిపి గటక మెదపాలి, కలిపే ముద్ద పెట్టాలి. తర్వాత అయిదు రోజులు పాత మనిషి పక్కన కూర్చుని చూస్తుండాలి, ముద్ద కొత్త మనిషి పెట్టాలి. ఆ తర్వాత పాత మనిషి దూరం దూరం జరుగుతూ, గేటు దగ్గర నిలబడి, చివరికి ఒక రోజు రాకుండా ఉండాలి. మధ్యలో ఒక్క పూట తప్పినా కుక్క మనసు విరిగిపోతుంది, మళ్లీ మొదటి నుంచీ రావాలి. అప్పటి మా కుక్క పేరు రాజు. వాడి గిన్నెలో బాపు చెయ్యీ నా చెయ్యీ పక్కపక్కన ఉండడం, వాడు ఒకసారి ఆయన వేళ్లు, ఒకసారి నా వేళ్లు వాసన చూసి ఎటూ తేల్చుకోలేక తుమ్మడం నాకిప్పటికీ గుర్తు. చివరి రోజు బాపు రాలేదు. రాజు గేటు వైపు చూసి చూసి, నా చేతి ముద్ద తిన్నాడు. ఇంటికి వెళ్లి చెబితే బాపు లేచి లోపలికి వెళ్లిపోయాడు. ఆయన ఏడ్చాడని అవ్వ తర్వాత చెప్పింది.

పెళ్లిళ్లు లేవన్నారు గానీ నా పెళ్లి మాత్రం తప్పలేదు. సూరారం నుంచి పిల్లను చేసుకున్నాను. తాళి కట్టి, తలంబ్రాలు అయ్యేసరికి పొద్దు వాలింది, నాకు ఒక్కటే ఆదుర్దా. పెళ్లివారి జీపు అడిగి, పసుపు బట్టలతో, నుదుటి మీద బాసింగంతో, కొత్త పెళ్లికూతురిని పక్కన కూర్చోబెట్టుకుని నేరుగా తోటకు పోయాను. ఆ వేషం చూసి రాజు నన్ను గుర్తుపట్టక మొరిగిన మొరుగుడు ఇంతా అంతా కాదు. చెయ్యి ముందుకు చాపితే గంధం వాసన, అత్తరు వాసన, వాటి కింద ఎక్కడో నా వాసన పట్టుకుని, అప్పుడు తోక ఊపాడు. నా భార్య ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది, పెళ్లి రోజున నా చేతి మొదటి ముద్ద తన నోటికి కాదు, కుక్క నోటికి వెళ్లిందని. ఎత్తిపొడిచేది గానీ, మరునాటి నుంచీ గటక వండి డబ్బాలో పోసి ఇచ్చింది తనే. ఒకసారి నాకు కామెర్లు వచ్చి మంచం పడితే, బాపు రాజును ఎడ్లబండిలో ఎక్కించి మా ఇంటికే తీసుకొచ్చాడు. నేను మంచం మీద నుంచే చెయ్యి చాపి పెట్టాను. ఊరంతా వచ్చి ఆ తమాషా చూసింది.

రాజు ముసలివాడై పోయాడు. వాడి తర్వాత ఇంకో రెండు కుక్కలు వచ్చి వెళ్లాయి. ఆ తర్వాత వచ్చినవాళ్లు షేరూ, మోతీ. షేరు గొల్లవాళ్ల దగ్గర తెచ్చిన పిల్ల, గోధుమరంగు, పెద్ద తలకాయ. అడవిపందితో కొట్లాడి ఒక చెవి సగం పోగొట్టుకున్నాడు. వాడికి కారం బెల్లం పెట్టించడానికి దూలపల్లి నుంచి మా బావను పిలిపించాం. పాపం ఆయన చేసిన నేరం అదొక్కటే, కానీ షేరు బతికినన్నాళ్లూ మా బావ తోటలో అడుగు పెట్టలేకపోయాడు. "అల్లునికి అత్తగారింట్ల గీ మర్యాదనా" అని ఆయన గేటు బయట నుంచే అరిచేవాడు, మా చెల్లెలు నవ్వలేక చచ్చేది. మోతి తెల్లటిది, సన్నటిది, ఒక్క చోట నిలిచేది కాదు. షేరు గేటు వదిలేవాడు కాదు, మోతి పందిరి కింద వరుస వరుసా తిరిగి వచ్చేది. వాళ్లిద్దరూ ఉన్నన్నాళ్లూ మా తోటలో ఒక్క గుత్తి పోలేదు. నేను రోడ్డు మలుపు తిరిగేసరికి నా సైకిలు చప్పుడుకు, తర్వాత స్కూటరు చప్పుడుకు, షేరు లేచి నిలబడి ఒళ్లు విరుచుకునేవాడు. ఎవరైనా నా కోసం అంత నమ్మకంగా ఎదురుచూశారా అంటే, లేదు, మళ్లీ అలాంటి చూపు నేను చూడలేదు.

తర్వాతి కథ మీకు తెలిసిందే. బావుల్లో నీళ్లడుగంటాయి, బోర్లు వేసిన కొద్దీ దుమ్ము లేచింది, తీగలు ఎండిపోయాయి. చుట్టూ తోటలన్నీ ఒకటొకటిగా ప్లాట్లవుతుంటే మాదొక్కటీ ఎన్నాళ్లు నిలుస్తుంది? అన్న అప్పటికి ఆ వ్యాపారంలోనే ఉన్నాడు, కొనేవాళ్లను తనే తెచ్చాడు. బాపు వద్దనలేదు, ఊఁ అనలేదు. నేను కూడా గట్టిగా వద్దన్నానని చెప్పుకోలేను. అప్పటికి బహదూర్‌పల్లిలో నా ఇల్లు సగం లేచి ఉంది.

కొన్నవాళ్లు మోటారు, పైపులు, కడీలతో పాటు కుక్కలను కూడా తోటలోనే ఉండనిమ్మన్నారు, లేఅవుట్ అయ్యేదాకా కాపలాకు పనికొస్తాయని. అక్కడ కాపలాకు పాలమూరు నుంచి వచ్చిన దంపతులను పెట్టారు. వాచ్‌మన్ కొంచెం చెవుడు మనిషి, పనంతా అతని భార్యే చూసుకునేది. బాపు నన్ను కూర్చోబెట్టి ఒకటే మాట చెప్పాడు, చెయ్యి మార్చి రా, పదిహేను రోజులూ పో, ఒక్క పూట తప్పకు అని. సరేనన్నాను.

మూడు రోజులు పోయాను. వాచ్‌మన్ భార్య చెయ్యీ నా చెయ్యీ ఒకే గిన్నెలో పెట్టి గటక మెదిపాం. ఆమెకు పని చెప్పాల్సిన అవసరమే లేకపోయింది. గలగల మాట్లాడుతూ, "నీ పేరేంది, చెవెట్ల పోయింది, నన్ను సూస్తే అట్ల గుర్రుమంటవేంది" అని షేరును పలకరించేది, నన్ను పటేలా అని పిలిచేది. మూడో రోజు పొద్దున మేమిద్దరం అలా నేల మీద కూర్చుని ఉండగా కొన్నవాళ్లు రెండు కార్లలో వచ్చారు, వాళ్లతో అన్న కూడా ఉన్నాడు. తెల్లటి చొక్కాలు, నల్ల అద్దాలు. వాళ్లలో ఒకాయన మోచేతి దాకా గటక అంటుకున్న నన్ను చూసి, "గీయన గూడ మన జీతగాడేనా?" అని అన్నను అడిగాడు. అన్న నవ్వాడు. నవ్వి, ఒక్క క్షణం ఆలస్యంగా, మా తమ్ముడని చెప్పాడు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వి, లేచి, చెయ్యి కడుక్కున్నాను.

తర్వాత ఎవరడిగినా, తీగలు నరుకుతుంటే చూడలేక పోవడం మానేశానని చెప్పాను. నమ్మారు, పాపమన్నారు. అది అబద్ధం. నేను మానేసింది ఆ ఒక్క నవ్వు కోసం. పాతికేళ్లు గర్వంగా చేసిన పని ఒక నల్లద్దాల మనిషి చూపులో జీతగాడి పనిగా కనిపించేసరికి, నాకు ఆ గిన్నె ముందు కూర్చోవడం నామోషీ అనిపించింది. సిగ్గుపడాల్సిన చోట కాకుండా సిగ్గుపడకూడని చోట సిగ్గుపడ్డాను.

బాపుకు ఆ మాట చెప్పే ధైర్యం లేదు. అందుకని రోజూ పొద్దున యథాప్రకారం నా భార్య ఇచ్చిన గటక డబ్బా స్కూటరుకు తగిలించుకుని బయలుదేరేవాణ్ని. దూలపల్లి దాటాక రోడ్డు పక్కన ఊరకుక్కలుండేవి, డబ్బా వాటికి వంపేసేవాణ్ని. అవి ఎవరు పోశారని చూడకుండా తోకలూపుకుంటూ తినేవి. నేను సూరారంలో ఒక హోటల్లో రెండు టీలు తాగి, కొత్త ఇంటికి బండలు చూసుకుని, ఎండెక్కాక ఇంటికి వచ్చేవాణ్ని. "ఎట్లున్నయిరా, పట్టిందా చెయ్యి?" అని బాపు అడిగేవాడు. పడుతున్నదని చెప్పేవాణ్ని. మోతి తొందరగా పట్టింది, షేరు కొంచెం మొండికేస్తున్నాడని వివరాలు కూడా కల్పించేవాణ్ని. కుక్కలు ఎలుకలనో తొండలనో పట్టుకుని తింటాయిలే, ఆకలేస్తే ఎవరి చెయ్యయినా తింటాయిలే అని నాకు నేను చెప్పుకున్నాను. కారం పెట్టించి నేర్పినవాణ్ని నేనే, నాకు తెలియదా?

పదమూడో రోజో పద్నాలుగో రోజో, ఆదివారం. తోట అమ్మిన వెంటనే సగం కట్టిన ఆ ఇంట్లోనే ముందు గదుల్లోకి మారాం. నేను లోపల గడ్డం గీసుకుంటున్నాను, గేటు దగ్గర గలగలా గొంతు వినిపించింది. వాచ్‌మన్ భార్య. సెల్‌ఫోన్లు అందరి చేతుల్లో లేని రోజులవి. ఆమె శామీర్‌పేట నుంచి మేడ్చల్ దాకా ఆటో, అక్కడి నుంచి కొంపల్లి దాకా బస్సు, ఆపైన అడిగి అడిగి నడుచుకుంటూ వచ్చింది. చేతిలో మూత పెట్టి గుడ్డ కట్టిన సత్తు గిన్నె.

నేను నా భార్యతో, లేనని చెప్పమన్నాను. ఆమె నా వైపు వింతగా చూసింది. బాపు పక్క గదిలోనే ఉన్నాడు, జల్దీగా పంపించెయ్యమని చేతులతో సైగ చేశాను. కర్టెన్ వెనక నిలబడి అన్నీ విన్నాను.

"పటేలు పదొద్దుల సంది వస్తలేడమ్మా. కుక్కలు ముద్ద ముట్టుతలేవు. నా చెయ్యి జూస్తే మొఖం తిప్పుకుంటున్నయి. షేరైతే లేస్తలేడు" అంటున్నది ఆమె. రమ్మని అడగడానికి రాలేదు, పటేలుకు ఎన్నో పనులుంటాయని ఆమెకు తెలుసట. గటక కలిపి తెచ్చింది, ఒక్కసారి నా చేత్తో మెదిపి ఇస్తే చాలట, ఆ వాసనకైనా తింటాయేమోనట. "ఒక్కపాలి చెయ్యి వెట్టియ్యుమని చెప్పమ్మా. నేను బస్సు దొరకవట్టి మాపటికల్ల తీస్కవోతా."

నా భార్య ఆయన ఊళ్లో లేడని చెప్పింది. పెళ్లయిన నాటి నుంచి ఆమె చేత నేను చెప్పించిన మొదటి అబద్ధం అది. వాచ్‌మన్ భార్య మంచినీళ్లు అడిగి తాగింది. గిన్నె మళ్లీ గుడ్డలో కట్టుకుని వెళ్లిపోయింది. కర్టెన్ వెనకున్న నాకూ ఆ గిన్నెకూ మధ్య పది అడుగుల దూరం కూడా లేదు. నా చెయ్యి ఖాళీగానే ఉంది.

ఆ రోజైనా వెనకే పోవచ్చు. పోతే ఇంట్లోనే ఉన్నానని తెలిసిపోతుందని పోలేదు. మరునాడు పోదామనుకున్నాను, మరునాడు ఇంకో వంక దొరికింది. ఆ మరునాటి పొద్దునే బాపు చేతిసంచి పట్టుకుని, దూలపల్లిలో మా చెల్లెలి ఇంటికి పోయి నాలుగు రోజులుండి వస్తానన్నాడు. ఆయన ముఖంలో నాకు ఏ తేడా కనిపించలేదు, కనిపించినా చూసే ఓపిక నాకు లేదు. ఇంట్లో పెద్దాయన లేకపోతే అబద్ధాలు చెప్పే పని తప్పుతుందని, దేవుడి సాక్షిగా చెబుతున్నాను, సంతోషపడ్డాను.

నాలుగు రోజులన్నవాడు పదిహేను రోజులకు వచ్చాడు. చిక్కిపోయాడు, కాళ్లు వాచాయి. చెల్లెలు వాళ్లెలా ఉన్నారంటే, అందరూ మంచిగున్నరన్నాడు. పిల్లల చదువులు, బావ పంటి నొప్పి, అన్నీ చెప్పాడు. నేను నమ్మాను.

రెండు నెలలయ్యాక, మిగిలిన కడీలు కొన్నవాళ్లు ఎవరికో అమ్మారని, దగ్గరుండి ఎక్కించి రమ్మని అన్న పంపితే, తప్పక పోయాను. పందిరి లేదు. ఎర్రమట్టి మీద సున్నం గీతలు. గేటు దగ్గర షేరు లేడు. మోటారు గది ముందు వాచ్‌మన్ భార్య జొన్నలు చెరుగుతూ కనిపించింది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. కూర్చోమని చాప వేసింది. అనకపోవడమే నాకు ఎక్కువ బాధయింది.

ఆమె చెబితేనే నాకు తెలిసింది. బాపు చెల్లెలి ఇంటికి పోనే లేదు. నేరుగా తోటకు వచ్చాడు. సంచిలో నేను విడిచిన చొక్కా ఉంది, ఉతకనిది, నా భార్యను అడిగి తెచ్చుకున్నాడు. అంటే ఆ సంగతి నా భార్యకూ తెలుసు. కుక్కలకు బాపు చెయ్యి తెలియదు. రాజు కాలం వేరు, వీటిని పెంచింది నేను. ఆ ముసలాయన మోటారు గదిలో నేల మీద పడుకుని, వాచ్‌మన్ భార్య చేతికి నా చొక్కా చుట్టించి, పూట పూటా ముద్ద పెట్టించాడు. షేరు మాత్రం చొక్కా వాసన చూశాడు, లేచి నిలబడ్డాడు, గేటు వైపు చూశాడు, మళ్లీ పడుకున్నాడు. తినలేదు. బాపు వచ్చిన మూడో రోజు పోయాడు. బాపు, వాచ్‌మన్ కలిసి గుంత తవ్వి మోటారు గది వెనక పూడ్చారు. మోతి చొక్కా చేతి ముద్ద తిన్నది. రోజుకింత చొక్కా మడత తగ్గిస్తూ, చివరికి ఉత్త చేతికి అలవాటు చేసి, అప్పుడు బాపు ఇంటికి వచ్చాడు.

"నీకు చెప్పొద్దన్నడు పటేలా. పిలగాడు పరేషాన్ అయితడు, చెప్పకు అన్నడు" అందామె. నాకు అప్పటికి నలభై ఎనిమిదేళ్లు. ఆ వయసులో నన్ను పిలగాడనేవాడు ఆయనొక్కడే.

ఇంతలో మోతి ఎక్కడి నుంచో పరుగెత్తుకుంటూ వచ్చింది. నన్ను గుర్తుపట్టింది, పట్టకపోతే బాగుండేదేమో. కాళ్ల చుట్టూ తిరిగింది, మోకాళ్ల మీద ముందు కాళ్లు పెట్టి నిలబడింది. నాకు కళ్లు కనిపించలేదు. పక్కనున్న గిన్నెలోంచి రొట్టె ముక్క తీసి, నా కుడిచెయ్యి దాని నోటి ముందు పెట్టాను. మోతి చెయ్యి వాసన చూసింది. ఒకసారి వాచ్‌మన్ భార్య ముఖంలోకి చూసింది. నెమ్మదిగా తల పక్కకు తిప్పుకుని, రెండడుగులు వెనక్కి జరిగి కూర్చుంది. తోక మాత్రం ఊపుతూనే ఉంది. పరాయి చేతిని ఎలా కాదనాలో నేను నేర్పిన తీరులోనే కాదన్నది, దాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

"ఇగ తినదు పటేలా" అని ఆమె, నన్ను ఓదార్చాలనుకుని కాబోలు, "మంచి కుక్క" అంది.

బాపు ఆ తర్వాత ఏడాదిన్నర బతికాడు. రోజూ ఒకే వరండాలో కూర్చునేవాళ్లం, ఒకే కంచుడులోని కూర వడ్డించుకునేవాళ్లం. నాకు తెలుసని ఆయనకు తెలుసో లేదో నాకు తెలియదు. ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది, బాపూ, తప్పు చేశానని. ఆయన ముందే, "దూలపల్లోళ్లు మంచిగున్నరట" అని ఏదో మాట అందుకునేవాడు. జన్మలో అబద్ధమాడని మనిషి, కొడుకు తల దించుకోకుండా ఉండేందుకు ఆడిన అబద్ధాన్ని చివరిదాకా మోశాడు. నేను మోయనిచ్చాను. పాడె ఎత్తేటప్పుడు కూడా ఆ మాట నా గొంతు దాటలేదు.

ఆ దారిన ఇప్పుడు పోతే నాకే మా తోట ఎక్కడో తెలియదు. అన్నీ ఒకే రంగు ఇళ్లు, ఒకే ఎత్తు గోడలు. కాపలావాళ్లు యూనిఫాం వేసుకుని పుస్తకంలో పేర్లు రాయించుకుంటారు, నెలకొకరు మారిపోతారు, ఎవరి స్థానంలో ఎవరు వచ్చినా ఎవరికీ తేడా తెలియదు. మన కాలంలో ఒక మనిషి మారితే ఒక కుక్క తిండి మానేసేది. సుఖం ఎందులో ఉందో మీరే చెప్పండి, నాకు మంచిచెడ్డలు తేల్చే యోగ్యత లేదు. నేను ఆ పాత కాలం మనిషినని చెప్పుకునే హక్కు కూడా పోగొట్టుకున్నానని మాత్రం తెలుసు.

లేఅవుట్ అయిపోయాక ఆ దంపతులు మోతిని వెంటబెట్టుకుని ఇంకో సైటుకు వెళ్లిపోయారని విన్నాను. మేడ్చల్ వైపని ఒకరన్నారు, కాదు తిరిగి పాలమూరే వెళ్లారని ఇంకొకరన్నారు. ఒకసారి వెతుకుదామని బయలుదేరి, నాలుగు సైట్ల దగ్గర ఆగి, ఎవరి కోసమని వాళ్లడిగితే ఏం చెప్పాలో తెలియక వెనక్కి వచ్చాను. మూడు రోజులు ఆమె చెయ్యీ నా చెయ్యీ ఒకే గిన్నెలో ఉన్నాయి. నా కుక్క కోసం ఆమె రెండు బండ్లు మారి నా గుమ్మం దాకా వచ్చింది. ఆమె పేరేమిటని నేను ఏనాడూ అడగలేదు.